మింగుతది

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ రాయాలంటే ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు మన్నించాలి.

అది తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలం.

సూర్యాపేటలో హైవే పక్కన పాపయ్య మెకానిక్ షెడ్డు. అందులో సేవ్యా అనే డ్రైవరు పికప్ బండి బానెట్ ఎత్తి నిలబడి ఉంది.

నిడమనూరు చుట్టుపక్కల తండాల పాలు మిర్యాలగూడ డెయిరీకి చేర్చే బండి అది.

దాని టర్బో పోయింది. బయటి గాలిని లాగి ఇంజనులోకి ఒత్తి పంపే రెక్కల చక్రం అన్నమాట. అది పోయాక బండి నల్లపొగ కక్కుతోంది, బరువు లాగడం లేదు.

దొరికిన కిరాయి ఆటోల్లో క్యాన్లు పంపితే పాలు దారిలోనే విరిగిపోతున్నాయి. రేపు పొద్దున కూడా బండి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని డెయిరీ వాళ్ళు చెప్పేశారు.

ఆ బండికి సరిపడే టర్బో ఎక్కడా దొరకలేదు. కోదాడలో పాత సామాను అమ్మే గోపయ్య దగ్గర వేరే బండిది ఒకటి సంపాదించాడు పాపయ్య.

అది కొంచెం పెద్దది. బోల్టుల రంధ్రాలు కలవలేదు. లేత్ మీద మధ్యలోకి ఒక పలక చేయించి బిగించాడు. ఆయిల్ పైపు వంచి కలిపాడు. గాలి గొట్టం మాత్రం దాని మూతికి పట్టలేదు.

"గొట్టం సాయంత్రానికి తెప్పిస్త. ముందుగాల స్టార్ట్ చేసి ఆయిల్ కారుతదేమో సూద్దాం" అన్నాడు.

సేవ్యా కొబ్బరికాయ తెచ్చాడు. బంతిపూలు, నిమ్మకాయలు, మిరపకాయలు సన్నటి ఇనుప తీగకు గుచ్చిన దండ తెచ్చి ఇంజను మీద వేశాడు. దాని కొస టర్బో ముందు వేలాడింది.

షెడ్డు అంచున పాత టైరు మీద పొద్దుటినుంచి ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. బొట్టు లేదు. ఏ ఊరని అడిగితే కోదాడ అంది. ఏ బండి కోసమని అడిగితే ఊరికే చూస్తున్నానంది. పాపయ్య పనిలో పడి ఇంకేమీ అడగలేదు.

సేవ్యా కర్పూరం కోసం పక్కకు వెళ్ళగానే ఆమె లేచి వచ్చి, ఇంజను మీది దండ తీసి చేతిలో పట్టుకుంది.

సేవ్యా చూశాడు.

"ఏమమ్మా, దిష్టి దండ ఎందుకు తీసినవ్?"

"దాని నోరు తెరిచున్నది తమ్మీ. మింగుతది."

సేవ్యాకు అది శాపంలా వినబడింది. పూజ వేళ, నిమ్మకాయ చేత పట్టుకుని, అనే మాటా అది?

"బండి లేస్తున్న పూట గీ మాటలేంది?" అన్నాడు పాపయ్య. "జర దూరం పోవమ్మా."

ఆమె మళ్ళీ ఏదో చెప్పబోయింది. సేవ్యా వినలేదు. దండ లాక్కున్నాడు. రోడ్డు మీదికి వెళ్ళి కోదాడ బస్సు ఆపి, తనే దగ్గరుండి ఎక్కించాడు. ఆమె కన్ను బండి మీద పడకుండా, బస్సు కనుమరుగయ్యేదాకా ఇంజను స్టార్ట్ చేయలేదు.

తర్వాత దండ మళ్ళీ వేశాడు. ఈసారి జారిపోకుండా టర్బో మెడకే చుట్టాడు.

తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. దానిలోంచి సన్నగా ఈల లేచింది. ఆయిల్ ఎక్కడా కారడం లేదు. పాపయ్య చాలారోజులకు నవ్వి, జర రేసు ఇవ్వమన్నాడు.

సేవ్యా తొక్కాడు.

ఈల పెరిగింది. బంతిపూలు వణికాయి. దండ కొస, తీగతో సహా, లోపలికి పోయింది.

పళ్ళు నూరినట్టు ఒక్క చప్పుడు. అంతే.

ఇంజను ఆపి పాపయ్య వేళ్ళు పెట్టి తడిమాడు. చేతికి విరిగిన రెక్కల ముక్కలు వచ్చాయి.

"మింగింది" అన్నాడు.

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు పొద్దున తండాల పాలు వేరేవాళ్ళ బండి ఎక్కాయి.

ఇంకో టర్బో ఉందేమోనని పాపయ్య, సేవ్యా కోదాడ వెళ్ళారు. వాళ్ళను చూడగానే గోపయ్య ముందు అడిగిన మాట వేరు.

"దేవమ్మక్క వచ్చిందా? షెడ్డు గుర్తులు చెప్పి నేనే పంపించాను."

బొట్టు లేని ఒకామె వచ్చిందని పాపయ్య మెల్లగా చెప్పాడు.

"ఆమేనండీ. ఆ టర్బో వాళ్ళాయన బండిది. మునగాల దగ్గర గుద్దుకుని బండీ పోయింది, ఆయనా పోయాడు. మిగతా ఇనుమంతా నాకే వేశారు. ఇదొక్కటి ఇంట్లో గుడ్డలో చుట్టి పెట్టుకుంది. పాలబండి ఆగిపోయిందని చెబితే తీసి ఇచ్చింది. అది మోగేటప్పుడు ఒక్కసారి వింటాను, అంతే చాలంది."

నోరు తెరిచి ఉంది, మింగుతుందని ఆమె అన్న మాట సేవ్యా చెప్పాడు.

"ఆమెకు తెలియదా మరి? ఆయన పక్కన క్లీనరుగా తిరిగింది ఆమేగా."

ఇంకో టర్బో సంగతి సేవ్యా అడగలేదు. ఆమె ఇల్లెక్కడో అడిగాడు.

వెళ్ళి గడప ముందు నిలబడి, బస్సు ఎక్కించిన తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. అతను తాగేదాకా ఆగింది.

"మోగిందా తమ్మీ? ఎట్ల మోగింది?"

సేవ్యా ఈల వేసి చూపిద్దామని పెదాలు బిగించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

దేవమ్మ,
అరవై ఏడేళ్ళు,
ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను.