పచ్చటి గ్రాఫ్

కంప్యూటర్‌లో ఉద్యోగ శిక్షణ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయడానికి అధికారి విజేందర్ కోస్గిలోని శిక్షణ కేంద్రానికి వచ్చాడు. శిక్షణ కోసం వచ్చినవాళ్లు పొద్దున్నుంచీ వరండాలోనే కూర్చున్నారు.

అక్కడ పాఠాలు చెప్పే ఉమేరా రెండు సాఫ్ట్‌వేర్‌లలో మొదటిది చూపించింది. "కరెంటు పోయినా ఫోన్‌ల నడుస్తది సార్. పాఠాలన్నీ తెలుగులనే ఉన్నయి."

"గ్రాఫ్ ఏది?"

అందులో లేదు. రెండోది తెరవగానే తెరంతా పచ్చటి గీతలు లేచాయి. అందరూ పాస్, అందరికీ కొలువులు.

విజేందర్ మొహం వెలిగిపోయింది. "మీటింగుల పెద్దసార్లకు గిదే చూపియ్యాలె. ఖాయం చేయుండ్రి."

"సార్, గవి నమూనాకు కంపెనోళ్లు పెట్టిన ఉత్తుత్తి పేర్లు. మనోళ్ల పేర్లు ఎక్కిస్తే సున్నా నుంచి మొదలైతది."

విజేందర్ కిటికీలోంచి వరండా వైపు చూశాడు.

"అయితే వాళ్లను ఇంటికి పంపుండ్రి మేడం. మంచిగున్న గ్రాఫ్ ఎందుకు ఖరాబు చేసుడు?"