గోదాం ముందు కచేరీ

వెంకటరత్నం చేతిలో ఉన్నది సొంత మిర్చి గోదాం, దాని ముందు ఖాళీ జాగా. అద్దె కలిసొస్తుందని ఈసారి తను పెట్టే పాటల కచేరీకి స్టేజి అక్కడే వేయించాడు. తీరా జనం నిండాక, హైదరాబాదు నుంచి వచ్చిన గాయని సమీరాకు దగ్గు ఆగడం లేదు.

“ఒక్క పాటన్నా పాడండమ్మా. జనం కుర్చీలు విరగ్గొట్టేట్టున్నారు,” అని తెర వెనక బతిమాలాడు వెంకటరత్నం.

“ఈ ఘాటుకి గొంతు పెగలట్లేదండీ. మీకెవరికీ దగ్గు రాదా?”

“మిర్చిలోనే పుట్టాం. మాకెందుకొస్తుంది?”

వేడినీళ్లు తెచ్చిన అతని భార్య నాగజ్యోతి దగ్గింది.

“ఆవిడది జలుబులెండి,” అన్నాడు.

“పెళ్లయిన కాణ్ణించీ జలుబేనా అండీ?” అంది నాగజ్యోతి మెల్లగా.

సమీరా గ్లాసు ఆమెకే తిరిగిచ్చింది. “ముందు మీరు తాగండక్కా.”

వెంకటరత్నం మైకు దగ్గరికెళ్లి, టికెట్ల డబ్బు వాపసిస్తానని చెప్పాడు. తెర వెనక ఇద్దరూ దగ్గుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం అతనికి మిగిలిన లాభం, ఆ రెండు దగ్గులూ ఒకటేనని తెలియడం.