వనజ చీరకు గడువు

2068 అక్టోబరు 31, సాయంత్రం ఐదు గంటలు. విశాఖపట్నం, మద్దిలపాలెంలోని ఒక మూడో అంతస్తు ఇంట్లో ముగ్గురున్నారు: సుదర్శనం, అతని పన్నెండేళ్ల కూతురు నీరజ, వార్డు వస్త్ర పరిశీలకురాలు హైమావతి.

చనిపోయినవారి బట్టలను ఏడాదిలోగా, పాత బట్టను తిరిగి దారంగా మార్చే నూలు కేంద్రానికి అప్పగించాలన్నది చట్టం. కొత్త వేషాలు కొని చెత్త మిగల్చకుండా, ఏటా ఇదే రోజున వచ్చే దయ్యాల పండుగ హాలోవీన్‌కు వాటినే వేషంగా కట్టినవారికి మాత్రం మరో ఏడాది గడువిస్తారు. భార్య వనజ ఉప్పాడ చీరను సుదర్శనం ఆ విధంగానే నాలుగేళ్లు కాపాడుకొన్నాడు. ఏటా నీరజ దానిని చుట్టుకొని, ముఖానికి బియ్యప్పిండి రాసుకొని, పొరుగిళ్ల తలుపులు తట్టి వచ్చేది.

ఈసారి, వేషం చూసి గడువు రాసుకోవడానికి హైమావతి వచ్చినా, నీరజ కుర్చీలోంచి లేవలేదు.

"పది నిమిషాలే కదమ్మా, అలా వెళ్లొచ్చెయ్," అన్నాడు సుదర్శనం.

"నేను కట్టను నాన్నా. పోయినేడు కింద పిల్లలంతా 'వనజాంటీ దయ్యం వచ్చిందిరోయ్' అని పారిపోయారు. వాళ్లకి అమ్మంటే ఇప్పుడదే గుర్తు."

"మరి చీర పట్టుకుపోతారే!"

"పట్టుకెళ్లనీ. అమ్మ దయ్యం కాదు."

హైమావతి ఇబ్బందిగా కదిలింది. "పోనీ మీరు కట్టుకోండి సార్, గడువు రాసేసుకుంటాను. ఎవరో ఒకరు దయ్యమైతే చాలు నాకు."

సుదర్శనం చీర మడత విప్పబోయాడు. కూతురు తన వంకే చూస్తుండడంతో ఆగి, దానిని హైమావతి చేతిలో పెట్టాడు.

"కారణం ఏం రాయమంటారు?" అని ఆమె అడిగింది.

"వేషం కట్టేవారు లేరని రాయండి."

ఆమె రాసిన దాని కింద అతడు సంతకం చేశాడు. హైమావతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో చీర పక్కన దాచింది.