మాగాయ గీతకు తోక

"నా మాగాయలో కల్తీ ఉందంటుందా ఈ గీతల పెట్టె?" పొద్దుటినుంచి అంటున్న మాటే మళ్లీ అంది రత్నమాంబ.

"ఎర్రదీపం వెలిగితే పారబొయ్యాల్సిందేనమ్మా. ఊళ్లో అందరిళ్లలో అంతేగా," అంటూ కొడుకు చక్రధర్ జాడీ ఎత్తబోయాడు.

కోడలు విశాల అతనికి అడ్డం వచ్చి, వంటింటి పరీక్షయంత్రం తెర చూసింది. మందుల కంపెనీలో పదేళ్లు ఆమె చేసిన పని ఇలాంటి గీతలు చదవడమే. పరీక్ష సరిగ్గా జరిగితే తెరమీద గీత కొండలా నిటారుగా లేచి దిగాలి. ఇదేమో పక్కకి వాలి పొడుగ్గా తోక చాచింది.

"అత్తయ్యా, ఈ యంత్రంలో మాగాయ ఎంత వేశారు?"

"గరిటె నిండా వేశాను. చుక్క విదిలిస్తే దానికేం తెలుస్తుంది రుచి? మనింట్లో ఎవరికైనా అలా వడ్డించామా?"

విశాల నవ్వు ఆపుకోలేకపోయింది. "కల్తీ కాదండీ, దానికి భుక్తాయాసం! ఎక్కువైతే గీత ఇలాగే వాలిపోతుంది, యంత్రం దాన్నే కల్తీ అనుకుంటుంది."

యంత్రాన్ని కడిగి, ఊట ఒక్క చుక్క నీళ్లలో కలిపి, వడకట్టి పోసింది. ఈసారి గీత నిటారుగా లేచింది. పచ్చదీపం వెలిగింది.

పిల్లలతో సహా అందరూ కంచాల ముందు కూర్చున్నాక ఆమె మెల్లగా చెప్పింది.

"రేపటినుంచి యంత్రానికి వడ్డించేది నేను. మనుషులకి వడ్డించేది అత్తయ్యగారు."