ఎడమచేతి దీపం

"నాయినా, హీరోయిన్ సచ్చినంక గూడ మొగుని కోసం దీపం వట్టుకొని వస్తదే, గా మెట్ల సీన్ ఇప్పుడొస్తది. దాంట్ల ఒక తప్పుంది, సూడు!"

ఉప్పల్ టాకీసులో పాత సినిమా మళ్ళీ వేస్తే స్వరూప తండ్రిని పట్టుబట్టి తీసుకొచ్చింది. హన్మయ్య నాచారం స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగి. తెరమీది బంగ్లా ఆయన చేతిపనే.

"నా మెట్లల్ల తప్పా?"

"నీ మెట్లు మస్తుగున్నయ్. ముఖం కనవడ్డప్పుడు హీరోయిన్‌కు దీపం కుడిచేతిల ఉంటది. ఎనక నుంచి ఎక్కుతుంటే ఎడమచేతిల! డైరెక్టర్ సూస్కోలే."

హన్మయ్య కూతురి వైపు తిరిగాడు.

"ఎనక నుంచి కనవడేటామె హీరోయిన్ కాదు బిడ్డా. గంత ఎత్తు మెట్లకు పక్కన పట్టుకొనేతందుకు ఏం లేదని, పడ్తనని హీరోయిన్ ఎక్కనన్నది. కూలికొచ్చిన మీ అమ్మకు తెల్లచీర గట్టి ఎక్కిచ్చిన్రు."

స్వరూపకు ఊహ తెలియకముందే పోయిన తల్లి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. స్వరూప ఎడమచెయ్యి వాడినప్పుడల్లా నాయనమ్మ మాత్రం, "అచ్చం తల్లే" అని తిట్టేది.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది నాయినా?"

"ముఖం లేని బొమ్మను సూపి, గిదే మీ అమ్మ అని ఎట్ల చెప్పాలె?"

తెరమీద తెల్లచీర మెట్లెక్కసాగింది. ముందు వరుసలో ఎవరో భయంతో కేకేశారు.

చీకట్లో స్వరూప ఎడమచెయ్యి మెల్లగా లేచి, దీపం పట్టుకున్నట్టు ఆగింది.