నాన్న సంచి

ముడత తెగులు సోకిన మిరప మొక్కను నాన్న ఊరికే పీకేవాడు కాదు. తెల్లదోమ లేచి పక్క మొక్కల మీద వాలకుండా, ముందు దానిమీద మెల్లగా ఖాళీ ఎరువు సంచి బోర్లించేవాడు. "కదలకు తల్లీ, అయిపోయింది" అని పసిపిల్లను బుజ్జగించినట్టు బుజ్జగించి, అప్పుడు పెరికేవాడు.

ఆయన పోయాక ఆ పని కూతురిదైంది. నిన్నటినుంచి జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, పొద్దుగూకే వేళ సంచి పట్టుకుని చేలోకి దిగింది.

"రేపు చూసుకోవచ్చుగదే!" గట్టుమీంచి అమ్మ కేకేసింది.

"తెగులు రేపటిదాకా ఆగుతుందామ్మా?" అంది, అచ్చం నాన్నలాగే.

చివరి సాలులో చెమటా పొగాకూ కలిసిన నాన్న ఒంటి వాసన తగిలి, ఆమెకు కళ్ళు చెమర్చాయి. వెనక ఎవరో సంచి విదిలించిన చప్పుడైంది. తన సంచి తన చేతిలోనే ఉంది.

నెత్తిమీదికి మెల్లగా చీకటి దిగింది.

"కదలకు తల్లీ, అయిపోయింది."