తల తేలికైన బ్యాటు

"తీగ తెగి కంట్ల గుచ్చుకుంటే ఎట్లన్నా? ఉన్నయి రెండే కండ్లు."

సూర్యాపేట బస్టాండు దగ్గరి ఆటసామాన్ల షాపులో ముత్తయ్య ఇంకా ఒక్క షటిల్ బ్యాటునైనా గోడ మీది నుంచి దించలేదు. కౌంటరు ముందు నిలబడ్డ ఆండాళు మాత్రం మనసులో అప్పుడే దవాఖాన దాకా వెళ్లొచ్చింది.

"ఏం గాదక్కా. ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్న. ఒక్కరన్న కన్ను పోయిందని రాలే."

"కన్ను పోయినోళ్లు మళ్ల నీ షాపుకెందుకొస్తరు?"

పక్కనున్న కూతురు సుష్మిత గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదిన్నర. పదకొండింటికి ఇదే ఊళ్లో ఉమ్మడి జిల్లా సెలెక్షన్లు. గెలిచిన అమ్మాయికి హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఆ సీటు కోసం ఏడాదిగా ఆదివారం కూడా ఆట మానలేదు. తీరా నిన్న బ్యాటు విరిగింది. దుమ్ము పడకుండా ఉంటుందని ఆండాళే దాన్ని మిర్యాలగూడలోని తమ రైస్ మిల్లులో బస్తాల మీద పెట్టింది. హమాలీలు చూసుకోకుండా పైన ఇంకో బస్తా వేశారు.

ముత్తయ్య రెండు బ్యాట్లు తెచ్చి ముందు పెట్టాడు. పొట్ట మీద బిగుసుకున్న అతని టీషర్టు మీద 'ఛాంపియన్' అని రాసుంది. తానూ రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లినవాడినేనన్నాడు. పాయింట్లు రాయడానికి వెళ్లిన సంగతి చెప్పలేదు.

"బ్యాటంటే పెండ్లి సంబంధం లెక్క అక్కా. మంచిదా చెడ్డదా కాదు, మన పిల్లకు కుదుర్తదా లేదా, అది సూడాలె. ఇది పలక తల, ముందట బరువుంటది. ఎనక నిలబడి ఎగిరి కొట్టేటోళ్లకు దీంతోని పిడుగు పడ్డట్టు పడ్తది. ఇదేమో గుడ్డు తల, తేలిక. నెట్ కాడ ఉండి నిమ్మళంగ ఏసేటోళ్లకు."

"ఎగిరి కొట్టేటోళ్లు ఈ తేలికది పడ్తే?"

"ఇగ ఖతం. ఎంత కొట్టినా జోరు రాదు."

"ఖతమంటే? చెయ్యి ఇరుగుతదా?"

"చెయ్యికేం గాదక్కా. ఆట పోతది, అంతే."

"చెయ్యికేం గాదు గదా?"

"గాదు."

"భుజానికి?"

"భుజానికి గూడ ఏం గాదు. నా మాట ఇను. ఇంతకు మన పాప ఎట్ల ఆడ్తది?"

సుష్మిత నోరు తెరిచింది. "నేను..."

"నిమ్మళంగ ఆడ్తదన్నా," అంది ఆండాళు. "నెట్ కాడికెళ్లి కదలదు. చీమకు తగుల్తదేమో అన్నట్టు ఏస్తది."

సుష్మిత తల్లి వైపు వింతగా చూసింది. తాను ఒక్క దెబ్బ కొడితే షటిల్ కాక్ ఈకలు రాలతాయని స్కూలంతా చెప్పుకుంటుంది. కానీ తల్లిని ఏమనాలి? ఆండాళు ప్రతి మ్యాచుకూ వస్తుంది. మొదటి కాక్ లేవగానే కళ్లు మూసుకుంటుంది, చివరి చప్పట్లకు తెరుస్తుంది.

"అమ్మా, నాకు బరువున్నదే..."

"నీ భుజమెంత, దాని బరువెంత? ఊకో."

అంతలో ఫోను మోగింది. భర్త నాగేశ్వర్ రావు. అతను బ్యాట్లనైనా, డాక్టర్లనైనా రేటును బట్టి నమ్ముతాడు.

"అన్నిట్ల రేటెక్కువున్నదే తీస్కో. గెలుస్తది మన పిల్ల. సోమవారమే హాస్టల్ల దింపొద్దాం. ట్రంకుపెట్టె గూడ కొన్న, పేరు రాపిచ్చిన."

"తాళం గట్టిదే కొన్నరా అండి?" అని అడిగి ఆండాళు ఫోను పెట్టేసింది.

తర్వాత బ్యాట్లను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంది. పిడికెడు వడ్లు పట్టుకొని తేమ ఎంతో చెప్పే చెయ్యి ఆమెది. మిల్లులో మిషను తప్పు చూపినా ఆ చెయ్యి తప్పు చెప్పదు. తేలిక రకంలో ముత్తయ్య ఇంకో నాలుగు దించాడు. ఆండాళు అన్నీ ఊపి చూసి అన్నిట్లోకీ తేలికైనదాన్ని పక్కన పెట్టింది.

"ఇంతకన్న తేలికది లేదా అన్నా?"

"ఇంతకన్న తేలికంటే ఇసనకర్రనే అక్కా."

పదకొండున్నరకు ఆట మొదలైంది. సుష్మిత ఎగిరి కొట్టిన ప్రతి కాక్ బొట్టు పెట్టి పిలిచినట్టు కోదాడ అమ్మాయి బ్యాటు మీదికే మెల్లగా వెళ్లి వాలింది. రెండు ఆటల్లోనే అంతా అయిపోయింది. ఆరోజు ఆండాళు ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు.

మిర్యాలగూడ బస్సులో కూతురిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, చెయ్యి బయట పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. సద్ది గిన్నె తెరిచి పెరుగన్నం ఇచ్చింది. సుష్మిత ముట్టలేదు.

"పోనీ బిడ్డా. కాళ్లూ చేతులూ మంచిగున్నయి. గంతే సాలు."

సుష్మిత బ్యాటును ఒళ్లో పెట్టుకొని చాలాసేపు దాని తీగలనే చూసింది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది.

"ఇన్ని మ్యాచులకొచ్చినవ్ గదమ్మా. నేనెట్ల ఆడ్తనో నీకు నిజంగ తెల్వదా?"

ఆండాళు గిన్నె మూత పెట్టింది. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. బస్సు మూసీ వంతెన దాటింది. కండక్టరు టికెట్లు చూసి వెళ్లిపోయాడు. సాగర్ కాలువ వచ్చింది, పోయింది. దూరంగా రైస్ మిల్లుల పొగగొట్టాలు కనిపించాయి.

"తెల్సే కొన్న బిడ్డా."